పాత కారు మార్పిడి బేరం: తేడా సొమ్ము ఒక్కటే చూస్తే నష్టం

మిర్చి యార్డులో లాటు అమ్ముడైన తరువాత రైతు చేతికి వచ్చే తక్‌పట్టీలో ధర ఒక వరుస, తూకం ఒక వరుస, తరుగు ఒక వరుస. కమీషన్, హమాలీ ఖర్చులకు మళ్లీ వేర్వేరు వరుసలు. చేతికిచ్చే సొమ్ము అన్నిటికన్నా కింద ఉంటుంది. పై వరుసలు చూపకుండా ‘‘మొత్తం మీద నీకు ఇంత వస్తుంది, తీసుకుపో’’ అంటే రైతు ఊరుకోడు. అలా చెప్పే సాహసం కమీషన్ వర్తకుడూ చేయడు. ఆ వర్తకుడే తన పాత కారు ఇచ్చి మరొక కారు తెచ్చుకోవడానికి డీలరు వద్దకు వెళ్లినప్పుడు మాత్రం ‘‘మీ బండి మాకిచ్చేసి, పైన ఇంత కట్టండి సార్’’ అన్న ఒక్క మాట మీద బేరం ముగించుకొని వస్తున్నాడు.

మార్పిడి బేరంలో ఉన్నవి నిజానికి రెండు వ్యాపారాలు. ఒకటి అమ్మకం, రెండవది కొనుగోలు. అప్పు తీసుకుంటే మూడవది కూడా చేరుతుంది. ఈ మూడింటినీ కలిపి ఒకే అంకెగా చెప్పడం డీలరుకు అనుకూలం. విడదీసి అడగడం కొనేవారికి అనుకూలం.

మార్కెట్ తీరు

పాత కారు ధర ఎప్పుడూ కొత్త కారు ధరను అనుసరించి నడుస్తుంది. కొత్తది దొరకని రోజుల్లో పాతదానికి గిరాకీ ఎంతగా ఉండేదో పెద్ద వర్తకులకు గుర్తుండే ఉంటుంది. అంబాసిడర్, ఫియట్ కార్లకు సొమ్ము కట్టి ఏళ్ల తరబడి వేచి ఉండవలసిన కాలంలో, చేతిలో సిద్ధంగా ఉన్న కారుకు కంపెనీ ధర కన్నా పై ధర పలికేది. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చినప్పుడు కూడా తొలి సంవత్సరాలలో అదే పరిస్థితి. ఆ తరువాత కంపెనీలు పెరిగి, కొత్త కారు కోరిన వెంటనే దొరకడం మొదలైనాక పై ధర మాట పోయింది.

ఇటీవలి పెద్ద మార్పు 2025 సెప్టెంబర్ 22న వచ్చింది. నాలుగు మీటర్లకు మించని పొడవు ఉండి, ఇంజను పెట్రోలుకు 1200 సి.సి., డీజిలుకు 1500 సి.సి. దాటని చిన్న కార్లపై జీఎస్టీ ఆ రోజు నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. దాని మీద ఉన్న పరిహార సెస్సు కూడా పోయింది. పెట్రోలు చిన్న కారుపై మొత్తం పన్ను 29 శాతం ఉన్నప్పుడు పన్నుతో కలిపి రూ.7,00,000 పలికిన బండి, తగ్గింపు పూర్తిగా కొనేవారికి అందితే రూ.6,40,000 దగ్గరకు వస్తుంది. గోదాములో సరుకు నిండి ఉండగా సుంకం తగ్గితే నిల్వదారుకు ఏమవుతుందో, పాత కార్లు ముందే కొని యార్డులో నిలిపిన డీలరుకూ అదే అయింది. కొత్తదే అరవై వేలు తగ్గినప్పుడు పాతదానికి పాత ధర రాదు. తన కారుకు 2025 వేసవిలో ఎవరో చెప్పిన ధరను మనసులో పెట్టుకొని బేరానికి వెళ్లేవారు ముందుగా ఈ సంగతి లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

ఒక ఉదాహరణ

గుంటూరులో ఒక కమీషన్ వర్తకుడు ఎనిమిదేళ్ల క్రితం కొన్న పెట్రోలు కారును మార్చి, నాలుగేళ్ల వయసున్న పెద్ద కారు తీసుకోదలిచారని అనుకుందాం. తన బండి మూడు లక్షలు చేస్తుందని ఆయన అంచనా.

మొదటి డీలరు వద్ద కుర్రవాడు టీ తెప్పించి, ‘‘మీ బండికి ఎంత అనుకుంటున్నారండీ?’’ అని అడుగుతాడు. వర్తకుడు మూడు లక్షలంటారు. కుర్రవాడు లోపలికి వెళ్లి వచ్చి, ‘‘మీ మాట కాదనలేం సార్, మూడు లక్షలే వేసుకుందాం. మీరు చూసిన కారు ఆరు లక్షల ఎనభై వేలు. తేడా మూడు లక్షల ఎనభై వేలు’’ అంటాడు. రెండవ డీలరు వద్ద అదే మోడలు, అదే సంవత్సరం, దాదాపు అంతే తిరిగిన కారు ఉంది. అతను పాత బండికి రెండున్నర లక్షలకు మించి ఇవ్వలేనంటాడు. తన కారు మాత్రం ఆరు లక్షలకు ఇస్తానంటాడు. తేడా మూడున్నర లక్షలు.

చాలామంది మొదటి చోటనే బేరం తెగగొట్టుకుంటారు. రెండవ డీలరు తమ బండిని తక్కువ కట్టాడన్న కోపం అందుకు కారణం. నిజానికి రెండవ బేరంలో రూ.30,000 తక్కువ పడుతుంది. మొదటి డీలరు పాత బండి మీద యాభై వేలు ఎక్కువ చూపి, అమ్మే బండి మీద ఎనభై వేలు ఎక్కువ వేసుకున్నాడు.

రెండున్నర లక్షలు అన్యాయపు ధరా అంటే, డీలరు లెక్క కూడా చూడాలి. అదే కారును అతను మూడు లక్షలకు అమ్మగలడని అనుకుందాం. టైర్లు, రంగు, చిల్లర మరమ్మతులకు రూ.18,000. కాగితాల మార్పిడికి, తిప్పటకు రూ.5,000. రెండున్నర లక్షలు రెండు నెలలు నిలిచిపోతే రూపాయిన్నర వడ్డీ చొప్పున రూ.7,500. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న యాభై వేల మీద 18 శాతం జీఎస్టీ రూ.9,000. పన్ను తనే భరిస్తే ఇవన్నీ పోను అతనికి మిగిలేది రూ.10,500. మూడు లక్షలకు అమ్ముడయ్యే బండికి మూడు లక్షలే ఇస్తానన్నవాడు ఆ సొమ్మును ఆ బండి మీద సంపాదించలేడు. మరొక బండి ధరలో కలిపి రాబట్టుకోవలసిందే.

మూడవ దారి కూడా ఉంది. పాత బండిని బయట ఎవరికైనా రెండు లక్షల డెబ్బై ఐదు వేలకు అమ్మి, రెండవ డీలరు వద్ద ఆరు లక్షలు కట్టి కారు తెచ్చుకుంటే చేతి నుంచి పడేది మూడు లక్షల ఇరవై ఐదు వేలే. అయితే ఆ ఇరవై ఐదు వేల కోసం కొనేవారిని వెతకాలి, పదిమందికి బండి చూపాలి, కాగితాలు మారేవరకు వెంటపడాలి. సమయం విలువ తెలిసిన వర్తకుడు ఏది మేలో తానే నిర్ణయించుకోవచ్చు. లెక్క మాత్రం ముందు తెలియాలి.

బేరం ఏ వరుసలో సాగాలి

అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఒకటుంది. ముందుగా కొనవలసిన కారుకు, మార్పిడి ఏదీ లేదన్నట్టుగా, రొక్కపు ధర తేల్చుకుంటారు. అది కాగితం మీద పడిన తరువాతే పాత బండి ప్రస్తావన తెస్తారు. దానికి అంతకుముందే బయట రెండు మూడు చోట్ల ధర కట్టించి ఉంచుకుంటారు. అప్పు మాట అన్నిటికన్నా చివర. ‘‘ఎక్స్‌చేంజ్ బండి ఉందా సార్?’’ అని డీలరు మొదటే అడిగితే, ‘‘ముందు మీ బండి ధర చెప్పండి, అది తరువాత చూద్దాం’’ అనడంలో మర్యాద తక్కువేమీ లేదు.

కొత్త కారు తీసుకొనేవారికి ‘ఎక్స్‌చేంజ్ బోనస్’ అని మరొక అంకె చూపుతారు. అది పాత కారు ధరలో కలిసి ఉందా, దానికి అదనమా అన్నది విడిగా రాయించుకోవాలి. పాత బండి రెండున్నర లక్షలు, బోనస్ ముప్పై వేలు అని చెప్పి, బండికి విడిగా కట్టేది రెండు లక్షల ఇరవై వేలే అయితే బోనస్ ఇచ్చినట్టు కాదు.

తరుగు కోయడంలోనూ అదే జాగ్రత్త. తేమ ఉందని క్వింటాలుకు తరుగు కోసేటప్పుడు వర్తకుడు కారణం చూపుతాడు. డీలరు కూడా టైర్లకు ఇంత, గీతలకు ఇంత, బ్యాటరీకి ఇంత అని విడివిడిగా చెప్పగలగాలి. ‘‘మార్కెట్ డౌన్‌గా ఉంది సార్’’ అన్నది తరుగు కాదు. నాలుగు టైర్లకు ఇరవై వేలు కోస్తానంటే, తనే పన్నెండు వేలకు వేయించి తేగలనేమో విచారించుకోవచ్చు.

కంపెనీ పేర ఉన్న కారు

వర్తకుల కార్లు చాలావరకు సంస్థ పేర ఉంటాయి. వీటికి పన్ను లెక్క వేరు. 2025 జనవరి నుంచి అన్ని రకాల పాత వాహనాల అమ్మకానికి జీఎస్టీ రేటు 18 శాతం. అంతకుముందు చిన్న కార్లకు 12 శాతం ఉండేది. ఈ పన్ను మొత్తం ధర మీద కాదు, మార్జిన్ మీద మాత్రమే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి తన సొంత కారు అమ్ముకుంటే పన్ను లేదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ, తరుగుదల రాసుకుంటూ వచ్చిన కారును అమ్మితే మాత్రం ఆదాయపు పన్ను లెక్కలో మిగిలిన విలువకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీద పన్ను పడుతుంది. తేడా లేకపోతే, లేదా నష్టం వస్తే, పన్ను లేదు. కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోని కార్లకే ఈ పద్ధతి వర్తిస్తుంది.

పై ఉదాహరణలో వర్తకుని కారు సంస్థ పేర ఉండి, పుస్తకంలో మిగిలిన విలువ రూ.2,10,000 అనుకుంటే, రెండున్నర లక్షలకు అమ్మినప్పుడు తేడా నలభై వేలు, పన్ను రూ.7,200. మొదటి డీలరు వద్ద మూడు లక్షలు వేయించుకుంటే తేడా తొంభై వేలు, పన్ను రూ.16,200. పాత బండి ధరను పెంచి రాయించుకున్న గౌరవానికి మరొక తొమ్మిది వేలు ఖర్చు. ఆ పన్ను ఎవరు భరించేదీ ధరతో పాటే తేల్చుకోకపోతే లెక్కలు రాసే గుమాస్తా చెప్పినప్పుడు గాని తెలియదు.

నగదు విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒకే వ్యవహారంలో రూ.2 లక్షలు గాని, ఆ పైన గాని నగదుగా పుచ్చుకోవడం 2017 ఏప్రిల్ 1 నుంచి నిషిద్ధం. జరిమానా పుచ్చుకున్నవారి మీద పడుతుంది. తన కారును రొక్కానికి అమ్ముకునే వర్తకుడు పుచ్చుకొనేవాడే అవుతాడు.

అప్పు: పైసల వడ్డీ, రూపాయల వడ్డీ

తేడా సొమ్ముకు అప్పు ఇప్పిస్తామని డీలరే ముందుకు వస్తాడు. మూడున్నర లక్షలకు ‘‘పది శాతమే సార్, ఫ్లాట్’’ అంటాడు. పది శాతం అంటే నెలకు నూటికి ఎనభై మూడు పైసలు. చౌకగానే కనిపిస్తుంది. మూడేళ్లకు వడ్డీ రూ.1,05,000 అసలుకు కలిపి ముప్పై ఆరు వాయిదాలు వేస్తే నెలకు సుమారు రూ.12,640. అయితే అసలు ప్రతి నెలా తీరిపోతున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదనే చివరి నెల దాకా నడుస్తుంది. నిలువ ఉన్న అసలు మీద లెక్క కడితే ఇది దాదాపు 18 శాతం, అంటే రూపాయిన్నర వడ్డీ. బజారులో రూపాయిన్నరకు అప్పు చేయడానికి పది సార్లు ఆలోచించే వర్తకుడు, డీలరు బల్ల మీద ఐదు నిమిషాలలో సంతకం చేస్తున్నాడు. ఫ్లాట్ రేటును పక్కన పెట్టి, తగ్గే నిలువ మీద ఎంత అని అడిగితే చాలు.

సరుకు చూడటం

కొనే కారును ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి చూడాలి. డీలరు ముందే వేడి చేసి ఉంచిన ఇంజనులో పొగ, చప్పుడు కనిపించవు. టైరు పక్కన గుండ్రటి గీతలో నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైనదని అర్థం. మీటరు ముప్పై వేలు చూపుతూ, టైర్లు మాత్రం బండి కన్నా కొత్తవైతే ఎందుకు మార్చారో అడగాలి. సర్వీసు రికార్డులోని కిలోమీటర్లకూ మీటరుకూ పొత్తు కుదరాలి. బానెట్ బోల్టుల రంగు చెదిరి ఉంటే ముందు భాగం విప్పినట్టు లెక్క.

నీట మునిగిన కార్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ ఎన్నో వాహనాలు నీటిలో నిలిచిపోయాయి. అటువంటి బండిని ఎంత కడిగినా సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే నీటి మరక కనిపించవచ్చు. సీటు కింది పట్టాలకు తుప్పు, స్పేరు టైరు గుంటలో బురద, తివాచీ ఎత్తితే వాసన కూడా ఆనవాళ్లే. పాత బీమా క్లెయిముల వివరం అడగడం మరవరాదు.

కాగితాలు: అసలు ప్రమాదం ఇక్కడే

ధరలో పదివేలు పోయినా వ్యాపారంలో మళ్లీ సంపాదించుకోవచ్చు. పేరు మారకుండా వదిలేసిన పాత కారు తెచ్చే నష్టానికి మాత్రం హద్దు లేదు. మార్పిడికి ఇచ్చిన బండి తాళం డీలరు చేతిలో పెట్టి, ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి, కొత్త బండిలో ఇంటికి వచ్చేవారే ఎక్కువ. ఆ బండి ఎవరి చేతికి పోయిందో, ఎన్ని చేతులు మారిందో వారికి తెలియదు. రిజిస్టరులో మాత్రం వారి పేరే ఉంటుంది.

ఇటువంటి వివాదమొకటి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో అమ్మిన కారు పేరు మారకుండానే చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగింది. బండికి బీమా లేదు. అమ్మినవారు తమకు సంబంధం లేదన్నారు. రిజిస్టరులో ఎవరి పేరు ఉందో వారే చట్టం దృష్టిలో యజమాని అనీ, నష్టపరిహారం బాధ్యత వారిదేననీ 2018 ఫిబ్రవరి 6న కోర్టు తీర్పు చెప్పింది. గాయపడినవారు చేతులు మారిన వరుసను వెతుక్కుంటూ తిరగవలసిన పని లేదన్నది కోర్టు భావం.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజులలో, వేరే రాష్ట్రానికైతే 45 రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారికి గడువు 30 రోజులు. ఫారం 29, 30 ఇందుకోసమే. డీలరు మధ్యలో ఉన్నప్పుడు ఏం చేయాలన్నది చాలా కాలం స్పష్టంగా లేదు. 2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి పద్ధతి పెట్టింది. బండి డీలరు స్వాధీనమైనప్పుడు ఆ సంగతిని ఫారం 29సి ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అటువంటి డీలరు పేరు మార్పిడికి తానే దరఖాస్తు చేయవచ్చు. కనుక మార్పిడికి బండి ఇచ్చేవారు ముందుగా డీలరుకు ఆ అనుమతి ఉందో లేదో అడిగి, 29సి రసీదు చేతికి వచ్చాకే తాళం ఇవ్వడం క్షేమం.

హైదరాబాదులో కొని గుంటూరుకో, విజయవాడకో తెచ్చుకొనేవారికి మరొక ఖర్చు ఉంటుంది. 2014 జూన్ 2 నుంచి రెండూ వేర్వేరు రాష్ట్రాలు కనుక ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, బండి వయసును బట్టి ఇక్కడ లైఫ్ టాక్స్ తప్పవు. తక్కువకు వచ్చిందనుకున్న కారు ధరకు ఇది కలిపి చూడాలి.

కారు మీద పాత అప్పు ఉంటే ఫైనాన్సు కంపెనీ నుంచి బాకీ తీరిన పత్రం, ఫారం 35 తీసుకోవాలి. తీరుస్తామని డీలరు చెప్పిన మాట చాలదు. కట్టని చలానాలు ఉన్నాయేమో రెండు బండ్లకూ చూడాలి. ఇచ్చేసే బండి ఫాస్టాగ్ మూయించకపోతే ఎవరో తిరిగిన టోలు సొమ్ము ఇక్కడి ఖాతా నుంచి పోతుంది.

బీమాలో నో క్లెయిమ్ బోనస్ బండితో పాటు పోదు. అది యజమానిది. ఐదేళ్లు క్లెయిము లేకపోతే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం వరకు వస్తుంది. ఆ ప్రీమియం రూ.14,000 అయితే ఏడు వేలు మిగులు. పాత బండి ఇచ్చేటప్పుడు బీమా కంపెనీ నుంచి ఆ మేరకు పత్రం తీసుకొని తరువాతి బండికి వాడుకోవాలి. కొన్న బండి బీమాను 14 రోజులలోపు తన పేరుకు మార్పించుకోవాలి.

బయానా ఇచ్చేటప్పుడు

బయానా రసీదు మీద బండి నంబరు, తేల్చుకున్న రొక్కపు ధర, పాత బండికి కట్టిన ధర, పన్ను ఎవరిది, పేరు మార్పు ఖర్చు ఎవరిది, బేరం చెడితే బయానా తిరిగి ఎంత అన్నవి వేర్వేరు వరుసలుగా రాయించుకోవాలి. ఇవి రాయడానికి వెనుకాడే డీలరు వద్ద బేరం మరొక రోజుకు వాయిదా వేసుకోవడం మంచిది. పాత కార్లు మార్కెట్‌లో ఎప్పుడూ ఉంటాయి.

ఉదాహరణలోని వర్తకుడు రెండవ డీలరు వద్ద ఇదే విధంగా రాయించుకున్నారనుకుందాం. ఆయన జేబులోని కాగితం మీద ఆరు లక్షలు, రెండున్నర లక్షలు, తేడా మూడున్నర లక్షలు విడివిడిగా ఉంటాయి. దాని వెనుక 29సి రసీదు నంబరు ఉంటుంది. ఆయన యార్డులో రోజూ రాసే తక్‌పట్టీకి, ఈ కాగితానికి తేడా లేదు.